‘ఐల్ ఈట్ మై హ్యాట్’ వస్తే తెలుగులో ఏం పెట్టాలి?

సబ్‌టైటిల్స్ రాసేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ లైను తగులుతుంది: ‘ఇఫ్ హీ విన్స్, ఐల్ ఈట్ మై హ్యాట్.’ ‘అతను గెలిస్తే నా టోపీ తింటాను’ అని పెట్టేశారా, చూసేవాళ్లు ఆ పాత్రకి మతి చలించిందనుకుంటారు.

ముందుగా ‘ఇఫ్’ పక్కన ఏముందో చూడండి. అది జరగనే జరగదని మాట్లాడేవాడి ధీమా. ఆ తర్వాత, అతను ఏం ఒడ్డుతున్నాడో చూడండి. నా లెక్కలో అసలు పనంతా ఇక్కడే. టోపీ తింటే ప్రాణం పోదు, పరువు పోతుంది. జర్మన్లు ఇలాంటి చోట చీపురు తింటామంటారు. అదీ నవ్వులాటే. ఫ్రెంచివాళ్లు చెయ్యి నరికించుకుంటామంటారు, రష్యన్లు ఏకంగా తలే ఇస్తామంటారు. స్పానిష్‌లో నిప్పులో చెయ్యి పెడతామనే మాట ఎక్కువగా ఒకరి నిజాయితీకి పూచీ పడేటప్పుడు వస్తుంది. ఈ చివరి మూడూ బరువైన ఒట్లు, టోపీకి సరితూగవు.

కాబట్టి పరువు ఒడ్డే మాట కావాలి. మనకి వాటికి కొదవా? ‘వాడు గెలిస్తే సగం మీసం తీయించుకుంటా’. నా ఓటు దీనికే. ఆ ‘సగం’లోనే ఉంది మజా అంతా, మొత్తం తీసేస్తే ఎవరు పట్టించుకుంటారు? ఆడ పాత్రయితే ‘నా పేరు మార్చుకుంటా’ హాయిగా సరిపోతుంది. ‘గుండు కొట్టించుకుంటా’ కూడా బాగానే ఉంటుంది గానీ, మొక్కు అనుకోకుండా చూసుకోవాలి. డైలాగు మరీ చిన్నదై చోటు లేకపోతే ‘రాసిపెట్టుకో, గెలవడు’ అనేయండి. పందెం పోయినా ధీమా మిగులుతుంది. ‘ఈట్ మై వర్డ్స్’తో మాత్రం కలిపేయకండి, అది అన్నమాట వెనక్కి తీసుకోవడం.

ఒక్కోసారి టోపీని వదల్లేం. 2015 మే 7న బ్రిటన్ ఎన్నికల రాత్రి, లిబరల్ డెమొక్రాట్లకి 10 సీట్లేనని ఎగ్జిట్ పోల్ చెప్పింది. ఆ పార్టీ మాజీ నాయకుడు పాడీ యాష్‌డౌన్, అదే నిజమైతే టోపీ తింటానని టీవీలోనే అనేశాడు. చివరికి వచ్చినవి 8. తర్వాత ఒక టీవీ షోలో ఆయనకి టోపీ ఆకారంలో చేసిన కేకు ఇచ్చారు! అక్కడ మీసం అని రాస్తే కేకు దగ్గర దొరికిపోతాం. అలాంటప్పుడు టోపీని ఉంచేసి, పందెం స్వరం పెంచండి: ‘అదే నిజమైతే ఈ టోపీ నమిలి మింగేస్తా, చూస్కో!’ అందుకే లైను ఖాయం చేసేముందు ఎపిసోడ్ చివరిదాకా ఒకసారి చూసేయండి, టోపీ మళ్లీ వస్తుందేమో.