నల్లరేగడి ఊళ్లో గైలార్డియా పెంచాలంటే

గైలార్డియా చామంతి కుటుంబానికి చెందిన మొక్క. పుట్టిల్లు అమెరికా ఖండం. ఇందులో ఒక రకం తూర్పు టెక్సస్‌లో పైన్ చెట్ల మధ్య ఎండ పడే ఇసుక జాగాల్లో దానంతటదే పెరుగుతుంది. గుంటూరు చుట్టూ ఉన్నదేమో నల్లరేగడి, వానొస్తే నీళ్లు పట్టుకుని ఓ పట్టాన వదలదు, అందులో నేరుగా వేస్తే వేరు కుళ్లిపోయే ప్రమాదం ఎక్కువ.

అందుకే చిల్లులున్న కుండీలోనో ఎత్తు మడిలోనో మట్టికి సమానంగా ఇసుక కలపండి. ఏటి ఇసుకైతే మరీ మంచిది. పశువుల ఎరువు గుప్పెడు చాలు, యూరియా జోలికి అసలు పోవద్దు, ఎందుకంటే బలం ఎక్కువైతే ఆకు గుబురుగా వచ్చి, పువ్వు తగ్గి, మొక్క పక్కకి వాలిపోతుంది.

అక్టోబరు చివర్లో వానలు తగ్గాక విత్తనాలు పైపైన చల్లి, పలచగా మట్టి కప్పండి. లోతుగా పాతొద్దు. రెండు వారాలు చూడండి, మొలకలొస్తాయి. కాస్త ఎదిగాక అడుగు దూరంలో నాటుకోవాలి.

రోజుకి కనీసం 6 గంటల ఎండ తగలాలి. వేలు పెట్టి చూసి పై అంగుళం మట్టి పొడిబారితేనే నీళ్లు. రోజూ బకెట్ కుమ్మరించే వాళ్లకి ఈ మొక్క పడదు, నా మాట వినండి. వాడిన పూలు తుంచేస్తుంటే కొత్త మొగ్గలొస్తాయి, విత్తనం కావాలంటే మాత్రం కొన్ని ఎండేదాకా వదిలేయండి. ఆకులు తగిలితే కొందరికి చర్మం దురద పెడుతుంది, అలాంటివాళ్లు గ్లౌజులు వేసుకోండి.