వయసు, పునరుత్పత్తి హార్మోన్ల మీద రీసెర్చ్ చేయాలనుకుంటే ఎలా మొదలుపెట్టాలి

మెనోపాజ్ ఎందుకు వస్తుంది, వయసుతో టెస్టోస్టిరాన్ ఎందుకు తగ్గుతుంది లాంటి ప్రశ్నల మీద కెరీర్ కట్టుకోవాలనుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది ఒక్కటే, కొలవడం నేర్చుకోండి. రక్తం ఏ రోజు, ఏ గంటకు తీశారో, ఎవరి దగ్గర, ఏ పద్ధతిలో కొలిచారో చెప్పలేకపోతే ఎంత గొప్ప ప్రశ్న వేసినా ఆ డేటా దేనికీ పనికిరాదు.

అసలు ఈ రంగం లేచి నిలబడిందే ఒక కొలత వల్ల. 1950ల చివర్లో అమెరికా శాస్త్రవేత్తలు రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ కలిసి రేడియో ఇమ్యునో అస్సే (యాంటీబాడీలు, రేడియోధార్మిక గుర్తులతో హార్మోన్లను కొలిచే పద్ధతి) తయారుచేశాకే రక్తంలో అతి కొద్దిగా తిరిగే హార్మోన్లను నమ్మకంగా లెక్కగట్టడం కుదిరింది. ఇప్పటికీ ఈ తలనొప్పి పూర్తిగా పోలేదు. మెనోపాజ్ దాటినవాళ్లలో ఎస్ట్రాడయాల్ (ముఖ్యమైన ఈస్ట్రోజెన్ హార్మోన్) సాధారణంగా మిల్లీలీటరుకు 20 పికోగ్రాముల లోపే ఉంటుంది, అంత తక్కువ దగ్గర మామూలు ఇమ్యునో అస్సే (యాంటీబాడీలతో కొలిచే పరీక్ష) తడబడుతుంది కాబట్టి మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువులను బరువును బట్టి గుర్తించి కొలిచే పద్ధతి) ఉన్న ల్యాబ్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి. టెస్టోస్టిరాన్‌కైతే శాంపిల్ పొద్దున్నే తీయాలి.

ఎలుకలతో పనిచేసేవాళ్లకు మొదటి ఏడాదిలోనే స్మియర్ (యోని నుంచి తీసిన కణాల స్లైడు) చదవడంలో చేయి తిరగాలి. ఎలుక పునరుత్పత్తి చక్రం 4-5 రోజులే, అందులోని దశలు ఆ కణాల్లో కనిపిస్తాయి. రోజూ ఒకే సమయానికి స్లైడు చూడండి: కేంద్రకం ఉన్న గుండ్రటి కణాలు గుంపులుగా ఉంటే ప్రోఈస్ట్రస్, కేంద్రకం లేని పొలుసుల్లాంటి కణాలు నిండిపోతే ఈస్ట్రస్, చిన్న తెల్లకణాలు ఎక్కువైతే డైఈస్ట్రస్. ప్రోఈస్ట్రస్ రోజు మధ్యాహ్నం దాటాక ఎల్‌హెచ్ (అండం విడుదలకు కారణమయ్యే హార్మోన్) ఒక్కసారిగా ఎగుస్తుంది, అందుకే ఆ రోజు ఉదయం తీసిన శాంపిల్‌నీ సాయంత్రం తీసినదాన్నీ కలిపి సగటు కడితే వచ్చే అంకెకు అర్థమే ఉండదు.

ఇంకోటి, ఎలుకకు మనుషుల్లాంటి మెనోపాజ్ రాదు. స్త్రీలలో అండాశయంలోని ఫాలికిల్స్ (అండాలుండే చిన్న సంచులు) దాదాపు అయిపోవడం వల్ల నెలసరి ఆగుతుంది, ఎలుకల్లో మాత్రం ఫాలికిల్స్ ఇంకా మిగిలి ఉండగానే హైపోథాలమస్ (హార్మోన్లను నడిపించే మెదడు భాగం) సంకేతాలు గాడి తప్పి చక్రం చెదురుతుంది. ఈ తేడా ఒప్పుకోకుండా పేపర్ రాస్తే రివ్యూయర్ మొదట పట్టుకునేది అదే.

గైడ్‌ని ఎంచుకునేటప్పుడు పేరు చూసి వెళ్లిపోకండి. వయసు మళ్లిన జంతువులు ల్యాబ్‌లో ఇప్పటికే ఉన్నాయా అని అడగండి. ఎలుక ముసలిదవడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది, మీరు చేరాక పెంచడం మొదలుపెడితే పీహెచ్‌డీ సగం అక్కడే అయిపోతుంది. అవి పెరిగేలోపు వేరే చిన్న ప్రాజెక్టు ఒకటి చేతిలో ఉండాలి, లేదంటే ఆ టెన్షన్ తట్టుకోవడం కష్టం.

పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకు, అంటే పోస్ట్‌డాక్‌కి, టెక్నిక్ మార్చండి, ప్రశ్న మార్చకండి. ఒకే ప్రశ్నను పట్టుకుని ఉంటే ఏమవుతుందో అమెరికా పరిశోధకురాలు నయోమీ రాన్స్‌ని చూడండి. మెనోపాజ్ దాటి చనిపోయిన స్త్రీల మెదళ్లను పరిశీలించి, హైపోథాలమస్‌లో కొన్ని న్యూరాన్లు ఉబ్బి ఉన్నాయని, వాటిలో న్యూరోకైనిన్ బి అనే సంకేత రసాయనం ఎక్కువగా తయారవుతోందని ఆమె 1990ల మొదట్లో చూపించారు. ఆ దారిలోనే వేడి ఆవిర్లకు హార్మోన్ కాని మందు ఫెజోలినిటాంట్ వచ్చింది, అమెరికాలో దానికి 2023లో అనుమతి దొరికింది. ముప్పై ఏళ్ల పైమాటే! నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇది.

మనుషుల డేటాతో పనిచేస్తే వయసుకు ఒక కాలమ్, మెనోపాజ్ వచ్చి ఎన్నేళ్లయిందో దానికి వేరే కాలమ్ తప్పకుండా పెట్టండి. ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే అమెరికా పెద్ద అధ్యయనంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ లాంటి మందు) కలిపి ఇచ్చి చేసిన ట్రయల్‌ని, లాభం కన్నా ముప్పే ఎక్కువని తేలడంతో 2002లో మధ్యలోనే ఆపేశారు. అందులోని 16,608 మంది సగటు వయసు 63. ఆ ఫలితాన్ని అప్పుడే మెనోపాజ్ వచ్చినవాళ్లకూ అలాగే అంటగట్టడంతో చాలామంది చికిత్స మానేశారు, ఆ గందరగోళం తేలడానికి ఏళ్లు పట్టింది.

ఇంకా ఏ ల్యాబ్‌లోనూ చేరకపోయినా ఆగాల్సిన పనిలేదు. ఏళ్ల తరబడి ఒకే స్త్రీలను గమనించిన అమెరికా అధ్యయనం స్వాన్ డేటా చాలావరకు ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆఖరి నెలసరిని సున్నాగా పెట్టి ఎఫ్‌ఎస్‌హెచ్ (ఫాలికిల్స్‌ని పెంచే హార్మోన్), ఎస్ట్రాడయాల్ గ్రాఫ్ గీయండి. దానికి సుమారు రెండేళ్ల ముందు నుంచే ఒకటి వేగంగా పెరగడం, రెండోది పడిపోవడం మొదలవుతుంది. గైడ్‌కి పంపే మొదటి మెయిల్‌లో ఆ గ్రాఫ్ పెట్టి, కింద మీకొచ్చిన ఒక ప్రశ్న రాయండి.