అప్పులు తీరుస్తూనే ఏడాదికో ట్రిప్ వెళ్లడం ఎలా?

టూర్ అప్పు ఎలా పుడుతుందో చూస్తే చాలా ఇళ్లలో ఒకటే వరస. ఏప్రిల్ ఆఖర్లో బడులకి సెలవులిస్తారు, పిల్లలు ఎక్కడికైనా వెళ్దామని మొదలుపెడతారు, ఈసారి వద్దురా అప్పులున్నాయి అని ఓ రెండు వారాలు ఆపుతాం, ఈలోపు తోడల్లుడి వాళ్లు ఊటీలో దిగిన ఫొటోలు స్టేటస్‌లో పెడతారు, అంతే, మే రెండో వారంలో కార్డు గీకేసి బయల్దేరతాం. తిరిగొచ్చాక జూన్ 12కి బడి తెరిచేసరికి ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, వాటన్నిటి మీద కార్డు బిల్లు.

నన్నడిగితే అప్పులు తీరేదాకా ట్రిప్పులు బంద్ అని ఒట్టు పెట్టుకున్న ఇళ్లే చివరికి ఎక్కువ అప్పు చేసి వెళ్తాయి, ఎందుకంటే వాళ్ల బడ్జెట్లో ట్రిప్‌కి అసలు చోటే ఉండదు కాబట్టి వెళ్లాల్సొచ్చినప్పుడు కార్డు తప్ప ఇంకో దారి కనపడదు. అందుకని వెళ్లొచ్చాక కట్టే ట్రిప్ కాకుండా కట్టేశాక వెళ్లే ట్రిప్ ఎలాగో చూద్దాం. లెక్క అర్థం కావడానికి ఒక ఊహ ఇల్లు తీసుకుంటా: వరంగల్‌లో అద్దెకుంటున్నారు, భార్యాభర్తలిద్దరి జీతాలు కలిపి నెలకి 62,000, పన్నెండేళ్లలోపు పిల్లలిద్దరు.

1. అప్పులన్నీ ఒకే కాగితం మీద రాయండి

ఇద్దరూ కూర్చుని రాయాలి, ఒక్కరే రాస్తే సగమే వస్తుంది. బ్యాంకు లోన్లు ఎలాగూ గుర్తుంటాయి, మర్చిపోయేవి వేరే ఉంటాయి. కిరాణా కొట్లో ఖాతా, ఫోన్ ఈఎంఐ, యాప్‌లో పే లేటర్, ద్వాక్రా గ్రూపు వాయిదా, బావగారి దగ్గర తీసుకున్న చేబదులు. ముఖ్యంగా పాడేసుకున్న చీటీ. డబ్బు చేతికొచ్చేసింది కదా అని చాలామంది దాన్ని అప్పులో లెక్కేయరు, కానీ ఇంకా పది వాయిదాలు కట్టాల్సి ఉంటే అది అప్పే.

మన ఊహ ఇంట్లో నాలుగు తేలాయి: క్రెడిట్ కార్డు 80,000, తెలిసినాయన దగ్గర నోటు రాసి తెచ్చింది లక్ష, పర్సనల్ లోన్ 1,50,000 మిగిలుంది, గోల్డ్ లోన్ 1,20,000. మొత్తం నాలుగున్నర లక్షలు.

2. ప్రతి అప్పు పక్కన ఏడాది వడ్డీ శాతం వేయండి

ఇక్కడే అసలు బొమ్మ కనిపిస్తుంది, ఎందుకంటే కార్డు వాడు నెలకి 3.5 శాతం అంటాడు, వడ్డీకిచ్చేవాళ్లు నూటికి రెండ్రూపాయలు అంటారు, బ్యాంకు వాడు ఏడాదికి 10 శాతం అంటాడు, వింటే మూడింటిలో బ్యాంకుదే ఎక్కువలా ఉంటుంది. అన్నీ ఏడాదికి మార్చండి. నూటికి రెండ్రూపాయలంటే 24 శాతం, మూడ్రూపాయలైతే 36. కార్డు 42 శాతం, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. పర్సనల్ లోన్ 14, గోల్డ్ లోన్ 10 అనుకుందాం.

80,000 కార్డు బాకీకి నెల వడ్డీ 2,800, జీఎస్టీ 504, కలిపి 3,304. మినిమం డ్యూ, అంటే ఆ నెలకి కనీసం కట్టాల్సింది, 5 శాతం చొప్పున 4,000 కట్టి ఈ నెలకి గండం గడిచింది అనుకుంటాం గానీ అందులో అసలుకి పోయింది 696 రూపాయలే. పైగా బాకీ మిగిలున్నంత కాలం కొత్తగా ఏం కొన్నా దానికి వడ్డీ లేని రోజులు ఉండవు, గీకిన రోజు నుంచే వడ్డీ మొదలు. అంటే ఈ కార్డు మీద 18,000 పెట్టి ట్రిప్ వెళ్తే ఆ ట్రిప్ ఒక్కదానికే నెలకి 740 పైన వడ్డీ పడుతుంది.

3. నెల ఖర్చు నిజంగా ఎంతో తేల్చండి

ఎంత ఉండాలి అని కాదు, ఎంత అవుతోంది అని. పోయిన మూణ్ణెల్ల బ్యాంకు స్టేట్‌మెంటూ యూపీఐ హిస్టరీ తీస్తే చాలు, పదీ ఇరవై స్కాన్లు అన్నీ కలిపితే ఎంతవుతున్నాయో అక్కడ దొరికిపోతుంది. మన ఊహ ఇంట్లో అద్దె 13,000, వెచ్చాలు పాలు కూరలు గ్యాస్ 12,000, స్కూల్ ఫీజు నెలకి సర్దుకుంటే 7,000, పెట్రోలు 4,000, కరెంటు ఫోన్లు నెట్ 3,500, పెద్దవాళ్లకి పంపేదీ మందులూ 4,000, ఇన్సూరెన్స్ 1,500. అంతా 45,000. మిగిలింది 17,000.

స్కూల్ ఫీజుని నెలలకి పంచి చూపించింది కావాలనే. జూన్‌లో ఒక్కసారి వచ్చిపడే ఖర్చుని జూన్ ఖర్చుగా రాస్తే మిగతా పదకొండు నెలలూ చేతిలో డబ్బున్నట్టు కనిపిస్తుంది, ఆ కనిపించే డబ్బే మేలో టూర్‌కి పోతుంది.

17,000లో పర్సనల్ లోన్ ఈఎంఐ 7,000, నోటు వడ్డీ 2,000, గోల్డ్ లోన్ వడ్డీ 1,000 పోతే చేతిలో 7,000. మన ఆటంతా ఈ ఏడు వేలతోనే.

4. ట్రిప్ సంగతి తర్వాత, ముందు కార్డు మంట ఆర్పండి

7,000లో 1,500 ట్రిప్‌కి తీసి 5,500 కార్డుకి కడుతూ పోతే కార్డు తీరడానికి 23 నెలలు పడుతుంది, అది కూడా మధ్యలో ఒక్కసారి కూడా గీకకపోతేనే. అలా కాకుండా ఇంట్లో ఇంకొంచెం బంగారం ఉంటే దాని మీద 80,000 తెచ్చి కార్డు ఒకేసారి మూసేయండి. నెలకి 3,304 పోయే చోట 667 పోతుంది. మొదటి నెలే 2,600 పైన మిగులు.

బంగారం బ్యాంకులో పెట్టడం అనగానే ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోరు, వాళ్ల భయం అబద్ధం కూడా కాదు, చాలాసార్లు గోల్డ్ లోన్ తెచ్చి కార్డు కట్టేసి ఆర్నెల్లలో కార్డు మళ్లీ నింపేసిన మగాళ్లని చూసే ఆ భయం. అందుకని కార్డు కట్టిన రోజే లిమిట్ తగ్గించమని అడగండి, లేదంటే కార్డు క్లోజ్ చేయండి, షాపింగ్ యాప్‌లలో సేవ్ అయి ఉన్న కార్డు నంబర్లు తీసేయండి. అది చేయలేం అనుకుంటే ఈ స్టెప్ జోలికే పోకండి, అప్పు ఒకటి కాస్తా రెండవుతుంది. లోన్ తీసుకునేటప్పుడు మధ్యలో కొంచెం కొంచెం కట్టొచ్చా, గడువు ఎప్పుడు, రెన్యూవల్ ఎలా అని అడిగి రాసుకోండి. గడువు దాటిపోతే వేలం నోటీసు వస్తుంది. బంగారం లేనివాళ్లు కార్డు బాకీని ఈఎంఐగా మార్చమని బ్యాంకుని అడగొచ్చు, గోల్డ్ లోన్ అంత చవక కాదు గానీ 42 శాతం కన్నా మామూలుగా తక్కువే పడుతుంది.

5. ట్రిప్‌కి ఎంత అనేది అందరూ కలిసి తేల్చండి, దాని ఖరీదు తెలిసి

ఇప్పుడు గోల్డ్ లోన్ రెండు లక్షలైంది, దాని వడ్డీ నెలకి 1,667. ఈఎంఐ, నోటు వడ్డీ, ఇది పోగా 6,333 మిగులుతుంది. ఇక ఎక్కువ వడ్డీ అప్పు లక్ష రూపాయల నోటు. మొత్తం 6,333 దానికే పెడితే నోటు దాదాపు 14 నెలల్లో తీరుతుంది. ట్రిప్‌కి 1,500 తీసి మిగతా 4,833 పెడితే దాదాపు 18 నెలలు.

అంటే ఏడాదికి 18,000 ట్రిప్ ఖరీదు ఇంకో నాలుగు నెలలు అప్పుతో ఉండటం. ఇది దాచకుండా పిల్లలకి కూడా అర్థమయ్యేలా చెప్పండి, పదేళ్ల పిల్లాడికి ఈ లెక్క బాగానే తెలుస్తుంది. కొన్ని ఇళ్లలో వద్దు, ముందు నోటు తీర్చేద్దాం, ఈ ఏడాది ఒకరోజు ట్రిప్పులు చాలు అంటారు, అదీ మంచిదే. ఏదైనా సరే అంకె మాత్రం ముందే పడాలి. లెక్కల ప్రకారం అప్పుండగా ట్రిప్‌కి దాచడం తప్పే, కానీ దాచని ఇల్లు మే నెలలో ఏం చేస్తుందో పైన చూశాం కదా.

6. ఆ 1,500 కంటికి కనపడకుండా పెట్టండి

జీతం పడిన రోజే ఇంకో అకౌంట్‌కి ఆటోమేటిక్‌గా వెళ్లిపోవాలి, ఆ అకౌంట్‌ని ఫోన్‌పే, గూగుల్‌పే దేనికీ లింక్ చేయకండి. బ్యాంకులో నెలనెలా కట్టే ఏడాది ఆర్‌డీ అయినా పర్లేదు. పోస్టాఫీసు ఆర్‌డీ ఐదేళ్లది, ఈ పనికి సరిపడదు. టూర్ కోసమని చీటీ వేయడం కూడా నాకు ఇష్టం లేదు, రిజిస్టర్ కాని చీటీ అయితే అసలే వద్దు. బోనస్సో అరియర్సో వస్తే అందులో పావలా వంతు ఇక్కడ, ముప్పావలా అప్పుకి.

మధ్యలో ఎవరికైనా ఒంట్లో బాగోక ఆసుపత్రి ఖర్చు వస్తే ఈ డబ్బు మొహమాటపడకుండా వాడేయండి. ట్రిప్ దసరాకో సంక్రాంతికో జరుగుతుంది. కార్డు తీయకుండా గడిచింది కదా.

7. ఉన్న డబ్బుకి సరిపడే ట్రిప్ ఎంచుకోండి

ముందు ఊరు అనుకుని తర్వాత డబ్బు చూడటం కాదు. వరంగల్ నుంచి తిరుమల తీసుకుందాం, నలుగురు, రెండు రాత్రులు. స్లీపర్ రానూపోనూ మనిషికి వెయ్యి చొప్పున 4,000, బస్సులూ జీపులూ 1,500, గది 3,000, 300 రూపాయల దర్శనం టికెట్లు ఇద్దరికి 600 (12 ఏళ్లలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు), తిండి 2,000, లడ్డూలు బొమ్మలు 1,500, అనుకోని ఖర్చుకి 1,500. మొత్తం 14,100. కొండ మీద వెంగమాంబ అన్నప్రసాదంలో భోజనం ఉచితం కాబట్టి తిండి ఖర్చు ఇంకా తగ్గొచ్చు. మిగిలిన 3,900తో ఏడాదిలో ఇంకో ఒకరోజు ట్రిప్ అయిపోతుంది.

బుకింగ్ వరస తప్పితే డబ్బు లాస్. దర్శనం టికెట్లు టీటీడీ దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్లో పెడుతుంది, రైలు రిజర్వేషన్ మాత్రం 2024 నవంబర్ 1 నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. కాబట్టి ముందు దర్శనం తేదీ దొరకాలి, తర్వాత క్యాలెండర్లో 60 రోజులు వెనక్కి లెక్కపెట్టుకుని ఆ పొద్దున ఎనిమిదింటికి ఐఆర్‌సీటీసీలో కూర్చోవాలి. అది మిస్సయితే తత్కాల్ అదనపు ఛార్జీ, అదీ దొరక్కపోతే పండగ రోజుల్లో ప్రైవేటు బస్సు, దాని రేటు సంక్రాంతికి ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. ఐదు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకి బెర్త్ అడిగితే పూర్తి ఛార్జీ, అడక్కపోతే సగం. రాత్రి ప్రయాణానికి బెర్త్ తీసుకోవడమే మేలు, లేదంటే రాత్రంతా మీకు నిద్ర ఉండదు.

ఒకరోజు ట్రిప్పులకి ఉచిత బస్సు గుర్తుపెట్టుకోండి. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబర్ 9న, ఆంధ్రలో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న మొదలయ్యాయి, ఆధార్ చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోపల ఆడవాళ్లకి జీరో టికెట్. అమ్మా కూతురూ ఉచితంగా వెళ్తే ఛార్జీ నాన్నకీ అబ్బాయికీ మాత్రమే. వరంగల్ వాళ్లకి రామప్ప, లక్నవరం, యాదగిరిగుట్ట ఇవన్నీ పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేసే దూరాలు.

ట్రావెల్ యాప్‌లో నో కాస్ట్ ఈఎంఐ అని కనపడితే ముందు ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ చూడండి. జీరో శాతం వడ్డీ అనేదే లేదని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకి చెప్పింది, ఆ వడ్డీ ఎక్కడో ధరలో కలిపే ఉంటుంది. పండ్ల రసం నుంచి పార్కింగ్ దాకా ట్రిప్‌లో ఖర్చంతా ఆ వేరే అకౌంట్ డెబిట్ కార్డుతోనో అందులోంచి తీసిన నోట్లతోనో జరగాలి, అయిపోతే ఇంటికి రావాలి.

8. నోటు అప్పుకి కట్టేటప్పుడు జాగ్రత్త

వడ్డీకిచ్చినవాళ్లు చాలామంది నెలకి నాలుగైదు వేలు అసలు తీసుకోరు, ఇస్తే లక్షా ఒకేసారి ఇవ్వు అంటారు. ముందే మాట్లాడి పాతికేలు చొప్పున అయినా ఒప్పించండి, ఐదు నెలలకోసారి కట్టొచ్చు. ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనక జమ రాయించి తేదీ వేయించుకోండి, ఆ రోజు నుంచి వడ్డీ తగ్గిన అసలు మీదే అని గట్టిగా అనుకోండి, వీలైతే డబ్బు బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌లోనే పంపండి. ఆఖరి రూపాయి కట్టిన రోజు నోటు వెనక్కి తీసుకోవాలి. ఎంత దగ్గర చుట్టమైనా సరే.

నోటు తీరాక ఆ 2,000 వడ్డీ, 4,833 అసలు కలిపి నెలకి 6,833 ఖాళీ అవుతుంది, అది గోల్డ్ లోన్‌కి మళ్లించండి. పర్సనల్ లోన్ దాని పాటికి అది 25వ నెలలో అయిపోతుంది, ముందే మూసేయాలనుకుంటే ఫోర్‌క్లోజర్ ఛార్జీ ఎంతో కనుక్కున్నాకే, ఎందుకంటే చాలా పర్సనల్ లోన్లు ఫిక్స్‌డ్ రేటువి, వాటికి ఆ ఛార్జీ ఉండొచ్చు. ఆ ఈఎంఐ 7,000 కూడా బంగారానికి తోడైతే మొత్తం నాలుగున్నర లక్షలు మూడేళ్ల దరిదాపుల్లో తీరతాయి. నోటు తీరిన నెలలో ఇంట్లో ఎవరో ఒకరు ఇక ట్రిప్‌కి మూడు వేలు తీద్దాం అంటారు, 2,000 చేయండి చాలు, బంగారం ఇంకా బ్యాంకులోనే ఉంది.