జ్వరం తగ్గాక మళ్లీ విశాఖ బీచ్ రోడ్డు మీద పరుగు

డెంగీ గానీ, వైరల్ జ్వరం గానీ తగ్గిన మర్నాడే బూట్లు తొడుక్కోవద్దు. మాత్రల సాయం లేకుండానే జ్వరం పూర్తిగా పోయి, ఆకలీ నిద్రా కుదుటపడి, మెట్లెక్కినా ఆయాసం రాకుండా ఉన్నప్పుడు, డెంగీ అయితే ప్లేట్‌లెట్లు కూడా సాధారణ స్థాయికి చేరాయని వైద్యులు చెప్పాకే, నడకతో మొదలుపెట్టాలి.

మొదటి వారం రామకృష్ణా బీచ్‌లో కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియం వైపు రోజుకు 20 నిమిషాలు నడిస్తే చాలు. ఇసుకలో మాత్రం వద్దు, కాళ్లు కూరుకుపోయి శ్రమ పెరుగుతుంది. రెండో వారం నుంచి 1 నిమిషం మెల్లని పరుగు, 2 నిమిషాల నడక చొప్పున ఆరేడు సార్లు, రోజు విడిచి రోజు చేయండి. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేదే సరైన వేగం. నిద్ర లేవగానే మంచం మీదే నాడి లెక్కపెట్టుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన అలవాటు: నిమిషానికి మామూలు కంటే 10 సార్లు ఎక్కువ కొట్టుకుంటే ఆ రోజు విశ్రాంతే.

విశాఖ గాలిలో తేమ ఎక్కువ గనుక చెమట త్వరగా ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఎండ ఎక్కక ముందే ముగించి, ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. కైలాసగిరి కొండ ఎక్కడం నెల దాటాకే. ఛాతీ నొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం కనిపిస్తే అక్కడే ఆగి వైద్యుణ్ని కలవాలి. వైరస్ వల్ల గుండె కండరం వాచిన వారు నెలల తరబడి పరుగు మానవలసి ఉంటుంది.