అమెరికాలో కాలేజీ పిల్లలున్న ఇళ్లవాళ్లు ట్యాక్స్ రిటర్న్ వేసేముందు

ముందుగా కాలేజీ ఇచ్చే 1098-టి (ఫీజు, స్కాలర్‌షిప్ వివరాల ఫారం) తెరవండి. బాక్స్ 1 కట్టిన ఫీజు, బాక్స్ 5 స్కాలర్‌షిప్. ఆ అంకెల్ని అలాగే ఎక్కించేయకండి, కాలేజీ పోర్టల్లో ఉన్న ఖాతా వివరాలతో సరిచూడండి. జనవరిలో మొదలయ్యే సెమిస్టర్‌కి డిసెంబరులోనే డబ్బు కడితే ఆ ఫీజు పాత ఏడాది లెక్కలోకే వస్తుంది.

స్కాలర్‌షిప్‌లో ట్యూషన్‌కీ, తప్పనిసరి పుస్తకాలకీ పోయినదానికి పన్ను లేదు. హాస్టల్‌కీ, భోజనానికీ పోయినది పిల్లల ఆదాయమే.

చాలామంది నష్టపోయేది ఇక్కడే. ట్యూషన్ 10,000 డాలర్లు, స్కాలర్‌షిప్ 8,000 అనుకోండి. స్కాలర్‌షిప్ అంతా ట్యూషన్‌కే చూపిస్తే మిగిలే ఖర్చు 2,000, అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ (కాలేజీ ఖర్చుకిచ్చే పన్ను రాయితీ) 2,000. స్కాలర్‌షిప్ షరతులు ఒప్పుకుంటే అందులో 2,000 భోజన వసతికి చూపండి: ఖర్చు 4,000 అవుతుంది, క్రెడిట్ పూర్తిగా 2,500. ఆ 2,000 పిల్లల ఆదాయంలో కలుస్తుంది, వేరే సంపాదన లేకపోతే సాధారణంగా పన్ను పడదు. షరతుల పత్రం చదవకుండా మాత్రం ఇలా చేయకండి.

529 ఖాతా (చదువు కోసం దాచే పొదుపు ఖాతా) నుంచి తీసిన డబ్బుతో కట్టిన ఫీజునే క్రెడిట్‌కి కూడా చూపకూడదు. క్రెడిట్‌కి చూపిన ఆ 4,000 పక్కన పెట్టాకే 529 లెక్క వేయండి.

క్రెడిట్ ఒక్కో విద్యార్థికి నాలుగేళ్లే. దంపతుల ఉమ్మడి ఆదాయం 1,60,000 దాటితే తగ్గుతూ 1,80,000 దగ్గర పోతుంది. ఈ క్రెడిట్ కోరే 8863 ఫారంలో కాలేజీ ఈఐఎన్ (పన్ను గుర్తింపు సంఖ్య) మరవకండి. పుస్తకాల రసీదులు దాచండి. 1040-ఎన్ఆర్ (నాన్‌రెసిడెంట్ల రిటర్న్) వేసే ఎఫ్-1 వీసా విద్యార్థులకు మామూలుగా ఈ క్రెడిట్ రాదు.