విండోస్ సాఫ్ట్‌వేర్‌ని లైనక్స్‌కి మార్చే ముందు లైసెన్సులు ఇలా చూసుకోండి

మన విండోస్ సాఫ్ట్‌వేర్‌ని లైనక్స్‌కి మార్చాలంటే అందరూ ముందు కంపైలర్ ఎర్రర్లతో కుస్తీ మొదలుపెడతారు, అవి ఎలాగోలా తేలతాయండీ, మెడకి చుట్టుకునేది మనం రాయని కోడ్. 1997లో ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు డూమ్ గేమ్ సోర్స్ (ప్రోగ్రామ్ అసలు కోడ్) బయటపెట్టినప్పుడు డాస్ వెర్షన్ ఇవ్వలేకపోయారు, అందులో సౌండ్ లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) వేరేవాళ్ళది, అందుకని లైనక్స్ వెర్షన్ ఇచ్చారు.

అందుకే ముందు ఒక ఎక్సెల్ షీట్ తెరిచి ప్యాకేజీలో వెళ్ళే ప్రతి డీఎల్ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైల్), ఫాంట్, ఐకాన్ రాసుకోండి, ఎవరిది, లైసెన్స్ ఏంటి, కస్టమర్‌కి పంచొచ్చా, ఏ ఓఎస్ మీద. ఈ ఆఖరి కాలమే అసలైనది. మేం డబ్బులిచ్చి కొన్న బార్‌కోడ్ కాంపోనెంట్ అగ్రిమెంట్‌లో విండోస్‌పై మాత్రమే అని ఏ మూలనో ఉంది, లైనక్స్‌కి మార్చే పని సగం అయ్యాక చూశాం, ఫోన్ చేస్తే సేల్స్ ఆయన ఏం పర్లేదండి వాడేసుకోండి అన్నాడు. అలాంటి మాట నమ్మకండి, మెయిల్లో రాయించుకోండి, రాయనంటే ఆ ముక్క పీకేసి వేరేది పెట్టుకోండి.

ఫాంట్ల దగ్గర కూడా చాలామంది జారతారు. గౌతమి ఫాంట్ విండోస్‌లో ఉంది కదా అని ఫైల్ కాపీ చేసి లైనక్స్ ప్యాకేజీలో పెట్టేస్తే కుదరదు, అది మైక్రోసాఫ్ట్‌ది. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌లో ఉన్నాయి, సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్ముకోవచ్చు, ఫాంట్‌ని విడిగా అమ్మకూడదంతే. ఫాంట్ మారితే మన సాఫ్ట్‌వేర్ ఇచ్చే బిల్లులో లైన్లు కాస్త జరుగుతాయి, ప్రింట్ తీసి చూసుకోండి.

లైనక్స్ మీద నడిచినంత మాత్రాన మన కోడ్ జీపీఎల్ (సోర్స్ కూడా ఇవ్వాల్సిందే అనే లైసెన్స్) అయిపోదు, ఆ భయం వద్దు. కానీ రీడ్‌లైన్ (టైప్ చేసిన లైన్‌ని చదివే కోడ్) లాంటి జీపీఎల్ లైబ్రరీని మన ప్రోగ్రామ్‌కి లింక్ చేసి, అంటే కలిపి, పంచితే మొత్తం ప్రోగ్రామ్‌ని జీపీఎల్ కింద ఇవ్వాల్సి వస్తుంది, దాని బదులు సోర్స్ ఇవ్వమని అడగని బీఎస్‌డీ లైసెన్స్ ఉన్న లిబ్ఎడిట్ వాడండి. క్యూటీ (స్క్రీన్ మీద బటన్లు, విండోలు చూపించే లైబ్రరీ) వాడితే అవి ఎల్‌జీపీఎల్ (జీపీఎల్‌కి కాస్త సడలించిన రూపం) మాడ్యూల్సేనా చూసుకుని డైనమిక్‌గా, అంటే లైబ్రరీ విడి ఫైల్‌గానే ఉండేలా, లింక్ చేయండి, లైసెన్స్ కాపీ జతచేయండి, మన అగ్రిమెంట్‌లో రివర్స్ ఇంజినీరింగ్ (ప్రోగ్రామ్‌ని విప్పి ఎలా పనిచేస్తుందో చూడటం) అస్సలు చేయకూడదు అని ఎక్కణ్ణుంచో కాపీ కొట్టిన లైన్ ఉంటే మార్చండి, ఎల్‌జీపీఎల్ దానికి ఒప్పుకోదు.

ఇంకోటి, ఎప్పుడో ఫ్రీలాన్సర్‌తో రాయించిన కోడ్. జీతం తీసుకునే ఉద్యోగి రాసింది మామూలుగా కంపెనీదే, ఫ్రీలాన్సర్ రాసింది మాత్రం కాగితం మీద రాయించుకోకపోతే ఆయనదే. రాయించుకున్నా సరే, మన 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళే, ఎక్కడెక్కడికో రాయకపోతే ఇండియాకే. అమెరికాలో కస్టమర్లున్నా, సోర్స్ అందరికీ కనిపించేలా గిట్‌హబ్‌ సైట్‌లో పెట్టాలనుకున్నా పాత కాగితం తీసి ఈ రెండూ చూడండి, లేకపోతే ఆయన ఫోన్ నంబర్ ఇంకా పనిచేస్తోందో లేదో ఇవాళే కనుక్కోండి.