ఆల్బుమిన్ గోల్డ్ క్లస్టర్లు ఎర్రగా వెలగడం లేదా?

ప్రొటీన్ పట్టి ఉంచే అతి చిన్న బంగారు గుంపులే ఈ క్లస్టర్లు. వంట చిన్నదే. 10 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ యాసిడ్ (బంగారు లవణం) 5 మి.లీ., మిల్లీలీటరుకు 50 మి.గ్రా. బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్) ద్రావణం 5 మి.లీ. కలిపి, రెండు నిమిషాలాగి 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 0.5 మి.లీ. వేసి, 37 డిగ్రీల దగ్గర 12 గంటలు తిప్పాలి. 2009లో వచ్చిన పద్ధతి ఇది. అన్నీ కుదిరితే ముదురు గోధుమ రంగు వస్తుంది, 365 నానోమీటర్ల యూవీ కింద ఎర్రగా వెలుగుతుంది.

రాత్రంతా తిప్పినా లేత పసుపే: క్షారం చాల్లేదు. బంగారాన్ని క్షయకరించేది ప్రధానంగా ఆ ప్రొటీన్‌లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం, దాని ఫినాల్ ప్రోటాన్ వదలాలంటే పీహెచ్ 10 దాటాలి. ఇక్కడ 12 దాకా కావాలి. సోడియం హైడ్రాక్సైడ్ సీసా ఎన్నాళ్ల నుంచి తెరిచి ఉందో చూడండి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో అది బలం కోల్పోతుంది. కొత్తగా కలిపి, పీహెచ్ పేపర్ పెట్టి చూడండి.

వంకాయ రంగు వచ్చింది, వెలుగు లేదు: అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే. సుమారు 25 పరమాణువుల దగ్గర ఆగాల్సిన బంగారం పెద్ద కణాలైపోయింది. శోషణ వర్ణపటంలో 520 నానోమీటర్ల దగ్గర గుట్ట కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. బీఎస్‌ఏలోని 35 సిస్టీన్‌ల గంధకం బంగారాన్ని పట్టి ఉంచాలి, కానీ ప్రొటీన్ తక్కువైతే ఆ పట్టు చాలదు. ముందు తూకం సరిచూడండి. అది సరిగ్గానే ఉంటే నా అనుమానం గాజుసామాను మీదే: పాత ప్రయోగం తాలూకు బంగారు మరకే కొత్త కణాలకు విత్తనం. ఒకసారి నేను స్టీలు గరిటెతో బంగారు లవణం తీశాను. గరిటె అంచు నల్లబడింది, ఆ బ్యాచ్ మొత్తం పాడైంది. ప్లాస్టిక్ గరిటె వాడండి. గాజును అప్పుడే కలిపిన ఆక్వా రీజియాతో (హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమం), ఫ్యూమ్ హుడ్‌లోనే కడగండి. దాన్ని మాత్రం మూత బిగించి దాచకండి, వాయువులు పుట్టి సీసా పగులుతుంది.

బంగారం పోయగానే విరిగిన పాలలా: ఆమ్లం ఒకేచోట పడింది. జోరుగా తిప్పుతూ కొద్దికొద్దిగా పోయండి.

ఎరుపుకు బదులు నీలం: అది ప్రొటీన్‌దే కావచ్చు. బంగారం లేకుండా ఒక కంట్రోల్ పెట్టాకే నమ్మండి.

జీవకణాలకిస్తే అవి చచ్చిపోతున్నాయి: క్లస్టర్లను తప్పుపట్టే ముందు డయాలిసిస్ (సన్న రంధ్రాల సంచిలో పోసి నీళ్లలో ఉంచి చిన్నవాటిని వదిలించడం) చూడండి. మిగిలిన బంగారు అయాన్లు, క్షారం పోవాలి. బీఎస్‌ఏ 66 కిలోడాల్టన్లు, కాబట్టి 12-14 కిలోడాల్టన్ల లోపువి మాత్రమే దాటే సంచిలో నిలుస్తుంది. నీళ్లు మారుస్తూ పీహెచ్ 7 దగ్గరికి వచ్చేదాకా ఉంచి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి. ఈ ఫిల్టర్ బ్యాక్టీరియాను ఆపుతుంది గానీ వాటి గోడల నుంచి వచ్చే విషమైన ఎండోటాక్సిన్‌ను ఆపదు. జంతువుల్లోకి ఎక్కించే ముందు దానికి విడిగా పరీక్ష చేయాల్సిందే.